అంతర్జాలపు చివరి ఆయకట్టు

పాఠ్యభాగ సందర్భం

భారతదేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సేవ 1995లో ఆరంభమైంది. ఆ సేవను అందించిన తొలి సంస్థలు వెబ్ వ్యాప్తికి తోడ్పడ్డాయా, ఆటంకమయ్యాయా అన్న ప్రశ్నను ఉత్తర తెలంగాణలోని కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల అనుభవం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇక్కడ జిల్లా అన్నప్పుడల్లా 2016 అక్టోబరు 11 నాటి పునర్విభజనకు ముందున్న జిల్లా అని గ్రహించాలి.

*

శ్రీరామసాగర్ జలాశయం నుండి బయలుదేరిన కాకతీయ కాలువ కరీంనగర్ జిల్లా పొలాల నడుమ సాగిపోతుంది. ఆ కాలువ కింద సేద్యం చేసే రైతుకు ఒక సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసు. జలాశయం నిండటం వేరు, ఆ నీరు తన మడికి చేరడం వేరు. కాలువ మొదట్లో ఉన్నవాని పొలం రెండు పంటలు పండుతుంది. ఆయకట్టు చివరనున్నవాడు తూము వైపు చూస్తూ కూర్చుంటాడు. తూమే లేకపోతే నీటి చుక్క రాదు. తూము ఉండి, దాని తాళం ఒక్కరి చేతిలోనే ఉంటే నీరు అదనుకు రాదు. అందువల్ల ఆ తూము తనకు మేలు చేసిందా, కీడు చేసిందా అని రైతును అడిగితే అతడు వెంటనే జవాబు చెప్పలేడు. తన పొలం ఎక్కడున్నదో ముందుగా చెబుతాడు.

ఇంటర్నెట్ సేవా సంస్థల కథ కూడా ఇటువంటిదే. జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన టిమ్ బెర్నర్స్ లీ 1989లో వరల్డ్ వైడ్ వెబ్ ఆలోచనను ప్రతిపాదించారు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ ఆ సాంకేతికతను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునని ప్రకటించింది. ఆనాటి నుండి వెబ్ ఎవరి సొత్తూ కాదు. అయితే ఆ వెబ్‌ను చేరుకునే దారి మాత్రం ఎవరో ఒకరి సొత్తుగానే ఉండిపోయింది. జలాశయంలోని నీరు అందరిదే గాని, కాలువకు యజమాని ఉన్నాడు.

ఆ దారి ఎటువంటిదో నేటి విద్యార్థులకు కొంత వివరించవలసి ఉంటుంది. టెలిఫోన్ తీగకు మాటను మోయడమే తెలుసు. కంప్యూటర్ భాషను ఆ తీగ మోయగల ధ్వనిగా మార్చి, అవతలి నుండి వచ్చిన ధ్వనిని తిరిగి కంప్యూటర్ భాషలోకి మార్చే చిన్న పెట్టె పేరు మోడెం. ఇంటర్నెట్ కావలసినవాడు సేవా సంస్థ నంబరుకు ఫోను చేయాలి. అవతల సంస్థ కార్యాలయంలో వరుసగా అమర్చిన మోడెంలలో ఒకటి ఖాళీగా ఉంటే ఫోను ఎత్తుతుంది. రెండు మోడెంలు కీచుమంటూ, గరగరమంటూ ఒకదానినొకటి పలకరించుకుంటాయి. ఆ సద్దు ఆగితే పని మొదలైనట్లు. ఖాళీ లేకపోతే ఎంగేజ్ శబ్దం వినిపిస్తుంది. సంస్థ కార్యాలయం నుండి అద్దె లైను మీదుగా దేశపు గేట్‌వేకు, అక్కడి నుండి సముద్ర గర్భంలోని తీగల ద్వారానో ఉపగ్రహం ద్వారానో విదేశాలకు సమాచారం ప్రయాణిస్తుంది. అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు ఆనాటి మంచి మోడెం వేగం సెకనుకు 56 కిలోబిట్లు. ఆ వేగంతో నాలుగు మెగాబైట్ల పాట ఒకటి దిగడానికి దాదాపు పది నిమిషాలు పట్టేది. అంతసేపూ ఇంటి ఫోను మరెవరికీ పనికివచ్చేది కాదు, మీటరు మాత్రం తిరుగుతూనే ఉండేది.

ఈ మీటరే అసలు కథానాయకుడని చెప్పవచ్చు. అమెరికాలో చాలా ఇళ్లకు స్థానిక ఫోను కాల్స్‌పై లెక్క ఉండేది కాదు. నెలకు ఇంత అని కడితే ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. అందుకే 1996 డిసెంబరులో అమెరికా ఆన్‌లైన్ సంస్థ నెలకు 19.95 డాలర్లకు ఎన్ని గంటలైనా ఇంటర్నెట్ వాడుకునే వీలు కల్పించినప్పుడు జనం ఎగబడ్డారు. లైన్లు కిక్కిరిసి, డబ్బు కట్టినవారికి సేవ అందక, వ్యవహారం కోర్టులదాకా వెళ్లింది. అదే సంస్థ తన చందాదారులను వీలైనంతవరకు తన ప్రాంగణంలోనే, తన వార్తలు, తన దుకాణాల మధ్యనే తిప్పాలని చూసేది. లక్షలాది సామాన్య కుటుంబాలకు వెబ్‌ను పరిచయం చేసినది, వారిని పూర్తిగా వెబ్‌లోకి వెళ్లనీయడానికి వెనుకాడినది ఒకే సంస్థ. బ్రిటన్‌లో 1998 సెప్టెంబరులో ఆరంభమైన ఫ్రీసర్వ్ సంస్థ చందా అసలే తీసుకోలేదు. వినియోగదారుడు చెల్లించే ఫోను చార్జీలో కొంత వాటా దానికి అందేది, ఆ ఆదాయంతోనే నడిచింది. ఈ రెండు ఏర్పాట్లూ భారతదేశానికి రాలేదు. ఇక్కడ ఫోను మీటరూ తిరిగింది, ఆ డబ్బులో సేవా సంస్థకు వాటా కూడా లేకపోయింది.

భారతదేశంలో ఇంటర్నెట్ మొదట విద్యాసంస్థలకు, ప్రభుత్వ కార్యాలయాలకు పరిమితమైనది. 1986లో ఆరంభమైన ఎర్నెట్ ఐ.ఐ.టి.ల వంటి ఉన్నత సంస్థలను కలిపింది. జాతీయ సమాచార కేంద్రం ఉపగ్రహం సాయంతో నిక్‌నెట్ అనే వ్యవస్థను నిర్మించి జిల్లా కేంద్రాలను ఢిల్లీతో అనుసంధించింది. ఆ విధంగా కరీంనగర్, ఆదిలాబాద్ పట్టణ ప్రజలు ఇంటర్నెట్ అన్న మాట వినకముందే వారి కలెక్టరేట్లకు దేశవ్యాప్త కంప్యూటర్ వ్యవస్థతో సంబంధం ఏర్పడింది. తహసీలు పనిమీద వచ్చిన రైతుకు ఆ ఉపగ్రహ గొడుగు ఏమిటో ఎవరు చెప్పాలి?

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ముంబై, ఢిల్లీ, కలకత్తా, చెన్నై నగరాలలో ప్రజలకు ఇంటర్నెట్ సేవ ఆరంభించింది. మొదటి రోజులలో లైన్లు చాలక, కలిసిన లైను నిలవక, వినియోగదారులు విసిగిపోయారు. సంస్థ అధ్యక్షుడు బి.కె. సింగల్ పొరపాటు జరిగినదని బహిరంగంగానే అంగీకరించారు. చిత్రాలతో సహా వెబ్ పుటలు కనిపించే వ్యక్తిగత ఖాతాకు 250 గంటలకు 15,000 రూపాయలు. అంటే గంటకు 60 రూపాయలు, ఫోను ఖర్చు వేరు. అక్షరాలు మాత్రమే కనిపించే ఖాతాలు కొంత చవక. కరీంనగర్‌లోని ఒక ఉపాధ్యాయుడో, గోదావరిఖనిలోని ఒక సింగరేణి ఉద్యోగియో ఆ ఖాతా కొన్నాడనుకుంటే, అతడు దాదాపు 160 కిలోమీటర్ల దూరాన ఉన్న హైదరాబాదుకు ఎస్.టి.డి. కాల్ చేసి, ఆ కాల్ సాగినంతసేపు మాత్రమే వెబ్ చూడగలడు. ఆదిలాబాద్ నుండి అయితే దూరం 300 కిలోమీటర్ల పైమాట. ఎస్.టి.డి. ధరలు తగ్గే అర్ధరాత్రి వేళ కోసం జనం బూతుల ముందు వరుసలో నిలుచున్న కాలమది. అటువంటి ధరతో గంటల తరబడి పుటలు తిరగవేయడం ఊహకు అందని విషయం.

కాబట్టి 1995 నుండి 1998 వరకు గల కాలం గురించి సందేహానికి తావు లేదు. దేశానికంతటికీ ఒకే సంస్థ, ఒకే గేట్‌వే, అది నిర్ణయించినదే ధర. ఇది అడ్డంకియే.

1998 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రైవేటు సంస్థలకు తలుపు తెరిచింది. లైసెన్సు రుసుము మొదటి ఐదేళ్లు లేదు, ఆ తరువాత ఏడాదికి ఒక్క రూపాయి. లైసెన్సులు మూడు తరగతులు. ఎ తరగతికి దేశమంతా, బి తరగతికి ఒక టెలికాం సర్కిల్, సి తరగతికి దాదాపు ఒక జిల్లా అంతటి ప్రాంతం పరిధి. ఎ తరగతికి రెండు కోట్ల రూపాయల బ్యాంకు గ్యారంటీ కావాలి. సి తరగతికి మూడు లక్షలు చాలు. కాగితం మీద చూస్తే ఇది ఎంతో ఉదారమైన విధానం. కరీంనగర్ పట్టణంలోని ఒక మోస్తరు వ్యాపారి తలచుకుంటే జిల్లాకు సొంతంగా ఇంటర్నెట్ సంస్థ స్థాపించవచ్చు.

హైదరాబాదు వంటి నగరాలలో ఆ విధానం ఫలించింది. సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధమైన సత్యం ఇన్ఫోవే తొలి ప్రైవేటు సేవా సంస్థలలో ఒకటిగా 1998లోనే రంగంలోకి దిగింది. 1999 అక్టోబరులో అమెరికాలోని నాస్డాక్ మార్కెట్లో నమోదైంది. ఆ మరుసటి నెలలోనే ఇండియావరల్డ్ అనే వెబ్‌సైట్ల సంస్థను 499 కోట్ల రూపాయలకు కొనబోతున్నట్లు ప్రకటించి దేశాన్ని ఆశ్చర్యపరిచింది. పోటీ వల్ల చందాల ధరలు వేగంగా పడిపోయాయి. 1999 మార్చి నాటికి దేశంలో మూడు లక్షలైనా లేని చందాదారులు రెండేళ్లలో 30 లక్షల ప్రాంతానికి చేరుకున్నారు. ఇంతటి పెరుగుదలను చూసినవారు పోటీయే వెబ్‌ను పెంచిందని అంటే కాదనలేము.

అయితే చందా తగ్గినంత మాత్రాన వెబ్ చవక కాలేదు. మూడు నిమిషాలకు ఒక కాల్ చొప్పున, కాల్‌కు 1 రూపాయి 20 పైసల లెక్కన, గంటసేపు ఇంటర్నెట్‌లో ఉంటే ఫోను బిల్లు 24 రూపాయలు అయ్యేది. ఇంటర్నెట్ చందా కంటే ఫోను ఖర్చే బరువైంది. విత్తనాల ధర తగ్గినా నీటి తీరువా తగ్గని సేద్యం వలె ఉండేది ఆ పరిస్థితి.

ఇక కరీంనగర్ వ్యాపారి సంగతి. మూడు లక్షల గ్యారంటీ చూపి లైసెన్సు తెచ్చుకున్న తరువాత అతడు ఏమేమి సమకూర్చుకోవాలి? వినియోగదారులు ఫోను చేయడానికి లైన్లు టెలికాం శాఖ ఇవ్వాలి. హైదరాబాదుకు అద్దె లైను కూడా టెలికాం శాఖ నుండే తీసుకోవాలి. విదేశాలకు దారి కోసం ప్రధానంగా విదేశ్ సంచార్ నిగమ్‌పైనే ఆధారపడాలి. ఈ రెండు ప్రభుత్వ సంస్థలూ స్వయంగా ఇంటర్నెట్ చందాలు అమ్ముతున్నాయి. అనగా అతనికి సరుకు ఇచ్చేవాడే ఎదుటి దుకాణదారు. పైగా కొనుగోలుదారులు ఎందరు? 1999 నాటి జాతీయ టెలికాం విధానమే గ్రామీణ భారతంలో నూటికి 0.4 ఫోన్లు ఉన్నాయని పేర్కొన్నది. వెయ్యిమందికి నాలుగు. ఆ నలుగురిలో కంప్యూటర్ ఉన్నవాడు ఎవడు? దేశవ్యాప్తంగా లైసెన్సులు వందల సంఖ్యలో జారీ అయినా, సేవ నిజంగా మొదలుపెట్టినవి కొన్ని, నిలిచినవి మరీ కొన్ని. చందాదారులలో అత్యధికులు కొద్ది పెద్ద సంస్థల వద్దనే చేరారు.

ప్రైవేటు సంస్థలకు అడ్డంకులు లేకపోతే అవి పల్లెలకు పరుగెత్తుకొని వచ్చేవని అనుకోవడానికీ ఆధారం తక్కువ. అదే కాలంలో ప్రైవేటు టెలిఫోన్ సంస్థల లైసెన్సులలో గ్రామాలలో ప్రజా టెలిఫోన్లు ఏర్పాటు చేయాలన్న షరతు ఉండేది. దేశవ్యాప్తంగా ఆ షరతు నెరవేర్చడంలో అవి ఎంతగానో వెనుకబడ్డాయి. జరిమానా కట్టడమే వాటికి లాభసాటిగా తోచింది. లాభం లేని చోటికి పోటీ దానంతట అది నడిచి రాదు.

మరి ఆదిలాబాద్ జిల్లాకు ఇంటర్నెట్ తెచ్చినది ఎవరు? ఏ శాఖ గుత్తాధిపత్యాన్ని విమర్శించవలసి వచ్చిందో ఆ శాఖయే. 2000 సంవత్సరం నాటికి ప్రతి జిల్లా కేంద్రానికి ఇంటర్నెట్ అందించాలని 1999 టెలికాం విధానం లక్ష్యం పెట్టుకున్నది. టెలికాం శాఖ, 2000 అక్టోబరు 1న ఆ శాఖ నుండి ఏర్పడిన భారత్ సంచార్ నిగమ్, ఆ లక్ష్యం కింద జిల్లా కేంద్రాలలో మోడెంల వరుసలు అమర్చాయి. సంచార్‌నెట్ పేరుతో ఖాతాలు అమ్మాయి. దానితో కరీంనగర్ వాసి కరీంనగర్‌కే, ఆదిలాబాద్ వాసి ఆదిలాబాద్‌కే ఫోను చేసి వెబ్ చూడగలిగాడు. హైదరాబాదుకు ఎస్.టి.డి. చేసే అవసరం తీరింది. నగరవాసి దృష్టిలో ఆ సేవ నెమ్మదిది, లైను తరచు తెగిపోయేది. జిల్లా వాసి దృష్టిలో అది తప్ప మరొకటి లేదు.

ఆ లైన్ల మీదనే పట్టణాలలో ఇంటర్నెట్ సెంటర్లు వెలిశాయి. బస్టాండు దాపున మేడ మీద ఒక గది, ప్లైవుడ్ అడ్డలు, నాలుగైదు కంప్యూటర్లు, అన్నిటికీ కలిపి ఒకటే ఫోను లైను. గంటకు ఇరవై, ముప్పై రూపాయలు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఈమెయిలు చూసుకునేవారు, ఉద్యోగ దరఖాస్తులు నింపేవారు వచ్చేవారు. ఇంటర్మీడియెట్ ఫలితాల నాడు మాత్రం మెట్ల మీద కూడా చోటుండేది కాదు. ఒకే లైనును పంచుకుంటున్న నాలుగు తెరలూ ఒకేసారి ఫలితాల పుట కోసం ప్రయత్నిస్తే ఏదీ తెరుచుకునేది కాదు. సెంటరు యజమాని మూడింటిని ఆపి, ఒక్కదాని మీద హాల్‌టికెట్ నంబర్లు వరుసగా కొట్టి, మార్కులు పైకి చదివేవాడు. ఒక్క తెర చుట్టూ ముప్పై మంది చేరి వినేవారు. వెబ్‌ను ప్రతి వ్యక్తీ స్వేచ్ఛగా విహరించే లోకమని పుస్తకాలు వర్ణిస్తుండగా, జిల్లాలలో అది దండోరా వలె సామూహికంగా వినే వార్తగా అడుగుపెట్టింది.

ఆ పట్టణాలు దాటితే కథ మారుతుంది. ఉట్నూరు, ఇంద్రవెల్లి ప్రాంతాల గోండు గూడేల వంటి మారుమూల గ్రామాలకు దేశంలో ఎన్నో చోట్ల తీగ బదులు రేడియో తరంగాలతో పనిచేసే ప్రజా టెలిఫోన్ ఒకటి ఇచ్చారు. ఆ పాత తరహా వ్యవస్థ మాటను మోయడానికే ఆపసోపాలు పడేది, మోడెం ధ్వనిని అసలే మోయలేదు. తరచు చెడిపోయే ఆ ఫోన్లను తరువాతి సంవత్సరాలలో కొత్త వ్యవస్థతో మార్చవలసి వచ్చింది. అడవి, వాన, ఇళ్ల మధ్య దూరం అన్నీ కారణాలే. వీటిలో ఒక్కదానికి కూడా ఇంటర్నెట్ సంస్థను తప్పుపట్టలేము.

తప్పుపట్టవలసిన విషయం మరొకటి ఉన్నది. అది ఈ రెండు జిల్లాలను తాకినంతగా మరి కొన్ని జిల్లాలనే తాకి ఉంటుంది.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుండి దశాబ్దాలుగా వేలాది మంది బ్రతుకుతెరువు కోసం దుబాయి, మస్కట్, సౌదీ, కువైట్ వెళ్లారు. సేద్యానికి నీరు చాలక, నేతకు గిరాకీ తగ్గి, అప్పు చేసి వీసా కొని వెళ్లినవారు. వారికి ఇంటితో గల సంబంధం ఉత్తరం, అప్పుడప్పుడు చేతికందే టేపు క్యాసెట్, పొదుపుగా చేసే ఫోను. అంతర్జాతీయ కాల్‌కు నిమిషానికి పదుల రూపాయలు పోయే రోజులలో బిడ్డ మాట తండ్రి చెవిన పడేలోపే డబ్బు అయిపోయేది. కంప్యూటర్‌లో మాట్లాడుకునే సాంకేతికత మాత్రం 1995 నుండే ఉన్నది. ఇంటర్నెట్ మీద పోయే మాటకు దూరంతో నిమిత్తం లేదు. జగిత్యాల నుండి దుబాయికి, జగిత్యాల నుండి ధర్మపురికి ఒకటే ఖర్చు.

భారత ప్రభుత్వం దానిని 2002 ఏప్రిల్ 1 వరకు నిషేధించింది. కారణం రహస్యమేమీ కాదు. విదేశ్ సంచార్ నిగమ్ ఆదాయంలో సింహభాగం అంతర్జాతీయ ఫోను కాల్స్‌దే. ఇంటర్నెట్ తలుపు తెరిచే సంస్థకు ఆ తలుపు గుండా తన ఆదాయమే బయటికి పోతుందన్న భయం ఉన్నప్పుడు అది తలుపును పూర్తిగా తెరవదు. నిషేధం తొలగించినప్పుడు కూడా ఒక మెలిక మిగిలింది. కంప్యూటర్ నుండి కంప్యూటర్‌కు మాట్లాడవచ్చు, ఇక్కడి కంప్యూటర్ నుండి విదేశంలోని ఫోనుకు మాట్లాడవచ్చు. విదేశం నుండి ఇంటర్నెట్ మీద వచ్చిన మాట ఇక్కడి మామూలు ఫోనులో మోగడానికి వీల్లేదు. దుబాయిలోని కొడుకు మాట నేరుగా తల్లి ఇంటి ఫోనుకు రాదు. తల్లియే పల్లె నుండి బస్సెక్కి పట్టణంలోని సెంటరుకు రావాలి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకోవాలి.

ఆ చివర కూడా ఒక తూము ఉన్నది. ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో 2007లో రెండవ సంస్థ వచ్చేవరకు ఎతిసలాత్ ఒక్కటే ఇంటర్నెట్ సేవా సంస్థ, ఒక్కటే ఫోను సంస్థ. ఇంటర్నెట్ ద్వారా చవకగా మాట్లాడే సేవలను అక్కడ అడ్డుకున్నారు. రెండవ సంస్థ వచ్చిన తరువాత కూడా ఆ అడ్డు తొలగలేదు. ఒక నేత కుటుంబం మాట్లాడుకోవడానికి రెండు దేశాల ఫోను ఆదాయాలు అడ్డుగోడలై నిలిచాయి.

ఈ విషయంలో ప్రభుత్వం చెప్పుకున్న న్యాయం ఒకటి ఉన్నది, దానిని కూడా వినాలి. దూరపు కాల్స్‌పై వచ్చే ఆదాయంతోనే నష్టం తెచ్చే పల్లె ఫోన్లను నడపాలి. ఈ సూత్రం మీదనే 2003 నుండి దూరపు కాల్స్‌పై, విదేశీ కాల్స్‌పై నిమిషానికి ఇంత అని అదనపు రుసుము వసూలు చేసి భారత్ సంచార్ నిగమ్‌కు అందించారు. 2008లో ఆ ఏర్పాటు ముగిసింది. వాదన సబబైనదే. అయితే ఉత్తర తెలంగాణలో ఆ రుసుము భారం ఎవరి మీద పడింది? గల్ఫ్‌లో రాళ్లు మోసే కూలీ మీద. పల్లె ఫోను కోసం పల్లె మనిషి దగ్గరనే, అతడు అత్యవసరంగా మాట్లాడే నిమిషాల మీదనే వసూలు చేయడం ధర్మమా అన్న ప్రశ్నను ఆ విధానం వేసుకోలేదు.

2004లో మరొక కూడలి వచ్చింది. టెలికాం నియంత్రణ సంస్థ ఆ ఏడాది ఏప్రిల్‌లో ఒక ముఖ్యమైన సిఫారసు చేసింది. ఇళ్లకు వేసి ఉన్న రాగి తీగలను తగిన అద్దె తీసుకొని ఇతర సేవా సంస్థలు కూడా వాడుకునేందుకు అనుమతించాలన్నది. పాత తీగల మీదనే వేగవంతమైన బ్రాడ్‌బ్యాండ్ నడుస్తుంది కాబట్టి ప్రతి సంస్థా మళ్లీ తీగలు వేయనవసరం లేదు. అక్టోబరు 14న వెలువడిన బ్రాడ్‌బ్యాండ్ విధానం ఆ సిఫారసును అంగీకరించలేదు. తీగలు భారత్ సంచార్ నిగమ్ చేతిలోనే ఉండిపోయాయి. 2010 నాటికి రెండు కోట్ల బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు లక్ష్యంగా పెట్టుకుంటే ఆ సంవత్సరాంతానికి సాధించినది సుమారు కోటీ పది లక్షలు.

సిఫారసును అంగీకరించి ఉంటే ఏమయ్యేది? హైదరాబాదులో, బహుశా వరంగల్, కరీంనగర్ పట్టణాలలో సేవలు త్వరగా, చవకగా పెరిగేవి. ఆసిఫాబాద్‌కు ఏ ప్రైవేటు సంస్థ అయినా తీగ అద్దెకు తీసుకొని వచ్చేదా అన్నది అనుమానమే. ప్రజాధనంతో వేసిన తీగను లాభమున్న చోట మాత్రమే ఇతరులు వాడుకుంటారన్న భారత్ సంచార్ నిగమ్ అభ్యంతరంలో నిజం లేకపోలేదు. అయితే తీగను తన దగ్గరనే ఉంచుకున్న సంస్థకు దానిని చివరి ఊరి వరకు నడిపించే బాధ్యత కూడా ఉంటుంది. ఆ బాధ్యత సగమే నెరవేరింది. రాగి తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ ఎక్స్ఛేంజి నుండి కొద్ది కిలోమీటర్ల వరకే చక్కగా అందుతుంది. ఎక్స్ఛేంజిలో తగిన పరికరం అమర్చని ఊరికి, అమర్చినా ఊరికి దూరంగా ఉన్న ఇంటికి ఆ సేవ లేనట్లే.

2005 జనవరిలో భారత్ సంచార్ నిగమ్ బ్రాడ్‌బ్యాండ్ ఆరంభమైంది. కనీస వేగం సెకనుకు 256 కిలోబిట్లు. నేటి ఫోన్ల దృష్టిలో అది వేగమే కాదు గాని, ఫోను లైను ఖాళీగా ఉండగానే ఇంటర్నెట్ నడవడం, మీటరు నిమిషాలను లెక్కించకపోవడం ఆనాటికి విప్లవమే. నెలకు ఇన్ని మెగాబైట్లు అన్న పరిమితి ఉండేది. కొన్ని పథకాలలో తెల్లవారుజామున 2 గంటల నుండి 8 గంటల వరకు ఆ పరిమితి ఉండేది కాదు. అందుకని రెండు గంటలకు అలారం పెట్టుకొని లేచి పాఠ్యాంశాలు, సాఫ్ట్‌వేర్లు, సినిమాలు దింపుకొని మళ్లీ పడుకునే ఇంజనీరింగ్ విద్యార్థుల తరం ఒకటి తయారైంది. తమ వంతు నీటి కోసం అర్ధరాత్రి లాంతరు పట్టుకొని కాలువ గట్టుకు వెళ్లిన తాతల మనుమలే వారు.

ఆలస్యం వల్ల కలిగిన నష్టం వాడుకకు మాత్రమే పరిమితం కాలేదు. వెబ్‌లో చదివేవారు ఎంత ముఖ్యమో రాసేవారు అంతకన్న ముఖ్యం. తెలుగు సాహిత్య పత్రిక ఈమాట 1998లో వెబ్‌పై వెలువడినప్పుడు దాని వెనుక ఉన్నవారు అమెరికాలోని తెలుగువారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో ఆరంభమైంది. ఆయన కూడా అమెరికాలో నివసిస్తున్నవారే. నిరంతరం తెరిచి ఉండే లైను ఎక్కడ ఉన్నదో రాత కూడా అక్కడే మొదలైంది. వారి కృషి లేకపోతే తెలుగు వెబ్ ఇంకా ఆలస్యమయ్యేది, అందులో సందేహం లేదు. అయితే గోదావరి ఒడ్డున ఉన్న ఒక గ్రామం గురించి ఆ గ్రామంవారే తమ యాసలో, తమ మాటలతో వెబ్‌లో రాసుకునే రోజు ఫోను బిల్లు కారణంగా ఎన్నో ఏళ్లు వెనుకబడింది. ఈ నష్టం ఏ గణాంకాలలోనూ కనిపించదు.

2016 సెప్టెంబరు 5న జియో సేవలు ఆరంభమైన తరువాత మొబైల్ ఇంటర్నెట్ ధర దేశమంతటా కుప్పకూలింది. రాగి తీగ చేరని ఊళ్లకు టవరు చేరింది. జగిత్యాలలోని తల్లి బస్సెక్కనవసరం లేకుండా కొడుకు ముఖం చూడగలిగింది. పాత ప్రశ్న మాత్రం కొత్త వేషంలో మళ్లీ వచ్చింది. అదే సంవత్సరం ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ఒక ఉత్తర్వు జారీ చేసింది. సేవా సంస్థలు కొన్ని వెబ్‌సైట్లకు ఉచితంగానో చవకగానో, మిగిలిన వాటికి ఎక్కువ ధరకో దారి ఇవ్వరాదన్నది దాని సారాంశం. కొన్ని ఎంచుకున్న సైట్లను మాత్రమే ఉచితంగా చూపించే ఫేస్‌బుక్ వారి ఫ్రీ బేసిక్స్ పథకం దానితో భారతదేశంలో ఆగిపోయింది. ఏమీ లేనివారికి కొద్దిపాటి వెబ్ అయినా మేలు కదా అని కొందరు వాదించారు. మడికి నీరు ఇస్తూ ఏ పంట వేయాలో కూడా తూము కాపలాదారే చెప్పే ఏర్పాటు అది అని మరికొందరు అన్నారు. నియంత్రణ సంస్థ రెండవ వాదన వైపు మొగ్గింది.

గ్రామ పంచాయతీల వరకు ఆప్టికల్ ఫైబర్ వేసే పథకానికి కేంద్రం 2011 అక్టోబరులో అనుమతి ఇచ్చింది. దానికే తరువాత భారత్‌నెట్ అని పేరు పెట్టారు. పంచాయతీ కార్యాలయం వరకు తీగ రావడం ఒక దశ, అక్కడి నుండి ఇళ్లకు చేరడం మరొక దశ. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు ఆ రెండు దశల మధ్య దూరం ఎంతో బయటపడింది. ఆ ఏడాది సెప్టెంబరు 1న తెలంగాణ ప్రభుత్వం పాఠశాల విద్యార్థులకు దూర పాఠాలు మొదలుపెట్టినప్పుడు ఇంటర్నెట్‌నే నమ్ముకోలేకపోయింది. దూరదర్శన్ యాదగిరి, టి-సాట్ చానళ్ల ద్వారా టెలివిజన్‌లో పాఠాలు చెప్పించింది. విదేశ్ సంచార్ నిగమ్ తొలి సేవ మొదలై అప్పటికి పాతికేళ్లు. ఆదిలాబాద్ అడవి పల్లెలలోని పిల్లలకు ఆ పాఠం చేరినది, ఒకప్పుడు కలెక్టరేట్‌కు నిక్‌నెట్ చేరిన విధంగానే, ఉపగ్రహం మీదుగా.

ప్రశ్నలు

1. చందా ధర తగ్గినప్పటికీ ఇంటర్నెట్ సామాన్యునికి చవక కాకపోవడానికి కారణాలను వివరించండి.

2. కరీంనగర్‌లో సొంత ఇంటర్నెట్ సంస్థ స్థాపించదలచిన వ్యాపారికి ఎదురయ్యే ఇబ్బందులను పాఠం ఆధారంగా చర్చించండి.

3. గల్ఫ్ వలస కుటుంబాల విషయంలో రెండు తూములు అనడంలోని ఔచిత్యమేమిటి?

4. 2004 నాటి రాగి తీగల సిఫారసును అంగీకరించి ఉండవలసిందని మీరు భావిస్తున్నారా? మీ అభిప్రాయాన్ని సమర్థించండి.

5. మీ ఊరికి మొదటి టెలిఫోన్, మొదటి ఇంటర్నెట్ సౌకర్యం ఎప్పుడు, ఎవరి ద్వారా వచ్చాయో పెద్దలను అడిగి తెలుసుకొని ఒక పుటకు మించకుండా రాయండి.